బలపం అంకెలు: ఒక మార్కాపురం పలక ఆత్మకథ

ఈ పలక తన కథలో ‘నేను’ అనదు. ఆ మాటను గదిలో కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళకు వదిలేసింది. ఆ ఒక్క మాట పలకడానికి వాళ్ళెంత అవస్థ పడతారో గోడ మీంచి వారం వారం చూస్తుంది కాబట్టి.

పుట్టింది మార్కాపురం గనిలో. ఉలి పెడితే పొరలు పొరలుగా విడిపోయే రాయి దీని జాతి. చెక్క చట్రంలో ఒదిగి ఎందరి చేతో ఓనమాలు దిద్దించిన వంశం. ప్లాస్టిక్ పలకలు, నోటుబుక్కులు వచ్చాక ఆ రాయి ఇళ్ళ గోడలకూ నేలకూ పోతోంది. ఈ పలక మాత్రం గిద్దలూరు దారిలో ఒక చిన్న గదికి చేరింది. వారానికో సాయంత్రం అక్కడ మందు మానాలనుకునేవాళ్ళు కలుస్తారు.

పలకకూ మందుకూ లంకె ఈ గదితో మొదలైంది కాదు. 1992లో పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి కూడిన ఆడవాళ్ళు, తమ ఇళ్ళను సారా ఏం చేస్తోందో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒకరి గోడే అందరి గోడని తెలిశాక, వర్ధినేని రోశమ్మ ముందు నడవగా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. మళ్ళీ దుకాణం తెరిచిన వీధిలోంచే మందు మానాలనుకున్నవాడు ఇంటికి నడవాలి. అలాంటివాడి కోసమే ఈ గది.

ఇక్కడి పద్ధతి అమెరికాలోని అక్రాన్‌లో పుట్టింది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, వచ్చిన పని చెడి, హోటల్లో ఒంటరిగా మిగిలాడు. బారు వైపు కాళ్ళు లాగుతున్నాయి. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడితేనే ఆ పూట గట్టెక్కుతానని ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. పావుగంటలో లేచిపోదామని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కదల్లేదు. ఆయన ఆఖరి చుక్క తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. అది మన దేశానికి 1957లో వచ్చింది.

సభ్యత్వ రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. బయటివాళ్ళ విరాళం తీసుకోరు. టీ ఖర్చు, గది అద్దె తలా ఇంత వేసుకుంటారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రారు, సలహా ఇవ్వరు, తమకు జరిగింది మాత్రమే చెబుతారు. ఇక్కడ విన్నది గుమ్మం దాటదు. ముందే మానిన ఒకరు కొత్తవాడికి స్పాన్సర్‌గా ఉండి, అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తుతారు. ఇంట్లో నలిగిపోయినవాళ్ళ కోసం 1951 నుంచి అల్-అనాన్ అనే వేరే బృందాలున్నాయి. 2020లో కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించింది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో, మనుషుల్ని ఈ బృందాల్లోకి నడిపించే చికిత్స మిగతా చికిత్సలకన్నా మెరుగని తేల్చింది.

ఈ గదిలో ఎన్ని రోజులైందో ఎవరికి వారు వచ్చి ఈ పలక మీద రాస్తారు.

ఒకతను 41 రాసి వెళ్ళాడు. తర్వాత మూడు వారాలు కనబడలేదు. నాలుగో వారం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ముందు నుంచీ వస్తున్న ఒక పెద్దాయన కుర్చీ జరిపి, “రా అన్నా, ముందు టీ తాగు” అన్నాడు. ఎక్కడికి పోయావని ఎవరూ అడగలేదు. అతని చేతులు వణుకుతుంటే గ్లాసులో టీ ఒలికింది. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఒకరు 14446 హెల్ప్‌లైన్ నంబరు రాసిచ్చారు. ఇంకొకరు ఆ రాత్రే బండెక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బయల్దేరే ముందు అతను తడిగుడ్డతో 41 తుడిచి, 1 రాశాడు. ఆ నలభై ఒక్క రోజులూ తాగకుండా ఉన్నవాడు ఇతనేనని ఈ పలకకు ఇంకా గుర్తుంది.

మరుసటి వారం పెద్దాయన, తాను మూడుసార్లు అలాగే పడిన కథ చెప్పాడు. అతను తలొంచుకుని విని, లేచి వచ్చి, “నేను...” అని ఆగాడు. గది ఎదురుచూసింది. మిగతాది చెప్పి, 8 రాశాడు. బలపం జారి కింద పడింది. వంగి తీసుకుని చట్రం మీద పెట్టాడు. చెయ్యి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది.