కొండకు పోస్టింగ్ ఇవ్వండి

2020, కరోనా కాలం. విద్యార్థుల మనసు గురించి ఢిల్లీకి బెంగ పట్టుకుంది. జులై 21న, మంగళవారం నాడు, కేంద్ర మానవ వనరుల శాఖ 'మనోదర్పణ్' పేరిట ఫోన్ కౌన్సెలింగ్ మొదలుపెట్టింది. నంబరు 84484 40632. వేళలు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. దిగులు పడదల్చుకున్నవాళ్లు ఆలోగా కానిచ్చుకోవాలి. సరిగ్గా పదిహేను రోజుల ముందే, జులై 6న, ఆఖరి సెమిస్టర్ పరీక్షలు సెప్టెంబరు నెలాఖరులోగా పెట్టి తీరాల్సిందేనని యూజీసీ హుకుం జారీ చేసింది. తొడ గిల్లి జోకొట్టడానికి ఈసారి టోల్‌ఫ్రీ సౌకర్యం కూడా ఉందన్నమాట.

సరే, ఫోను ఎక్కణ్నుంచి చెయ్యాలి? సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు ఏజెన్సీ పిల్లలనడగండి. ఊళ్లో సిగ్నల్ సున్నా. సగం కొండెక్కితే ఒక గీత. బండ మీద నిలబడి చెయ్యెత్తితే రెండు. మార్చిలో హాస్టలు ఖాళీ చేయించిన దగ్గర్నుంచీ వాళ్ల యూనివర్సిటీ ఆ బండే.

అంచేత ఆ కొండనే కౌన్సెలర్‌గా వేసుకోమని నా విన్నపం. చెప్పింది వింటుంది. "మా రోజుల్లో బుడ్డిదీపం కింద చదివాం" అని అడ్డు తగలదు. టీఏ, డీఏ అడగదు. నెట్ లేదు కదా అని యూజీసీ వారు కొర్రీ వెయ్యొచ్చు. అయ్యా, ఆ చుట్టుపక్కల నెట్ ఉన్నది దానికొక్కదానికే! విజయనగరంలో గిరిజన వర్సిటీకి 2020 నాటికీ సొంత భవనాలు లేక కొండకరకంలో ఆంధ్రా వర్సిటీ వారి పాత క్యాంపస్‌లో సర్దుకుంటున్నారు. కొండను వేసుకుంటే వాళ్లకు కనీసం సొంత కొండయినా ఉంటుంది.

గోప్యత విషయంలో కాస్త ఇబ్బందే. ఒకే బండ మీద నలుగురు పిల్లలు, నాలుగు క్లాసులు. మధ్యలో ఒకడు చెయ్యెత్తి అరవాలి: "హలో... నిద్దర పట్టట్లేదండీ... నిద్దర! వినబడతందా?" అవతల వినబడిందో లేదో గానీ, కింద మేకలు కాసుకుంటున్న తాతకు వినబడుతుంది. "ఏటి బాబూ, ఒంట్లో బాగోలేదా?" అంటాడు. ఆయన్ను జూనియర్ కౌన్సెలర్‌గా తీసుకోవాలి.

పని వేళలు తగ్గించక తప్పదు. శ్రావణం వచ్చేసింది, బండలు జారతాయి. పైగా కొమరాడ, జియ్యమ్మవలస వైపు 2018 నుంచి ఏనుగులు తిరుగుతున్నాయి. పొద్దు వాలకముందే దిగులు ముగించుకుని దిగిపోవాలి. ఇక టెక్కలి వైపు కొండకు పోస్టింగిస్తే గ్రానైట్ లీజు ఒకసారి చూసుకోండి. ఓ ఉదయం కౌన్సెలర్ గారు పలకలు పలకలుగా తెగి, లారీ ఎక్కి, ఓడ ఎక్కి, విదేశీ డిప్యుటేషన్ మీద వెళ్లిపోతారు.

ఇంక నవ్వలేను. ఈ పిల్లల అమ్మానాన్నలు చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి పనులు పోయి ఉత్తి చేతులతో ఇల్లు చేరారు. వేరావల్‌లో (గుజరాత్) చిక్కుకున్న మన మత్స్యకారులను ఏప్రిల్ నెలాఖరుకి గానీ బస్సులెక్కించలేదు. డిగ్రీ ఆఖరి ఏడాది కుర్రాడు ఇప్పుడు ఉపాధి హామీ పనిలో పలుగు పట్టుకున్నాడు. వాడి దిగులేమిటో ఎవరైనా అడిగారా? పరీక్ష ఏ ఊళ్లో? బస్సుంటుందా? హాస్టలు తెరవకపోతే రాత్రి ఎక్కడ పడుకోవాలి? దీనికి సైకాలజిస్టు ఎందుకు? ఒక గుమాస్తా చాలు, ఒక కాగితం చాలు. ఆ కాగితం మాత్రం రాదు. ఏప్రిల్లో వచ్చిన యూజీసీ ఉత్తరమేమో, హాస్టల్ వార్డెన్ల ఆధ్వర్యంలో విద్యార్థి బృందాలు వెయ్యమంది. హాస్టళ్లకు తాళాలేసిన నెలలో!

నిజంగానే మనసు చెదిరిన పిల్లను మానసిక ఆసుపత్రిలో చూపించాలంటే విశాఖకు పోవాలి. ఇచ్ఛాపురం నుంచి 200 కిలోమీటర్ల పైమాటే. లాక్‌డౌన్ వల్ల మే 21 దాకా ఆ దారిన ఆర్టీసీ బస్సు లేదు. 2018లో దేశంలో 10,159 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని కేంద్రం లెక్కే 2020 జనవరిలో చెప్పింది. అప్పటికి కరోనా లేదు, లాక్‌డౌన్ లేదు. ఆ లెక్క చూసిన రోజు ప్రతి వర్సిటీలో జీతమిచ్చి ఒక్క మనిషిని కూర్చోబెట్టాలని మీకెందుకు తోచలేదు? ఇప్పుడొక నంబరిచ్చి చేతులు దులుపుకుంటారా?