రాడ్డూ లేదు, ఊరూ లేదు

మా అనంతపురంలో వానకు కరువు గానీ సలహాలకు కరువు లేదు. ఏడాది పొడుగునా మోదితే 550 మిల్లీమీటర్లు పడే నేల మీద, కాలేజీ వార్షికోత్సవం పెట్టారంటే చాలు, కుండపోతే. ఈ మధ్య కురుస్తున్న వాన ఇది: ‘‘సోషియాలజీ చదివి ఏం చేసుకుంటారు? వెల్డింగ్ నేర్చుకోండి.’’

చెప్పే పెద్దమనిషి కొడుకు ఆ వేళకు అమీర్‌పేటలో జీఆర్‌ఈ కోచింగులో ఉంటాడు. వెల్డింగ్ ఎప్పుడూ ఎదురింటి పిల్లలకే మంచి భవిష్యత్తు.

ఇది మనవాళ్ల సొంత బుర్రలో పుట్టిన మాట కూడా కాదు. 2015లో అమెరికా అధ్యక్ష అభ్యర్థుల చర్చలో మార్కో రూబియో, మనకు వెల్డర్లు ఎక్కువ కావాలి, తత్వవేత్తలు తక్కువ చాలన్నాడు. మూడేళ్లకు తనే స్టోయిక్ తత్వవేత్తలను చదివి, రెండూ కావాలిలెండని సర్దుకున్నాడు. మనవాళ్లు మొదటి సగం దిగుమతి చేసుకుని అక్కడే ఆగిపోయారు.

పోనీ, వెల్డింగయినా నేర్పుతున్నారా? ఎనిమిదో తరగతి పాసైతే చాలు, ఐటీఐలో ఏడాది కోర్సు. నేను చూసిన ఒక చోట మిషను ఉత్సవ విగ్రహం. ఇన్‌స్పెక్షన్ నాడే ప్లాస్టిక్ కవరు తీసి దర్శనం ఇప్పిస్తారు. రాడ్లు ఖర్చయిపోతాయని పిల్లలకు ఒక్కొక్కడికి ఒక్క గీత. మిగతా ఏడాదంతా ‘వెల్డింగ్ అనగానేమి?’ అని రికార్డు పుస్తకంలో అందమైన చేతిరాత. నిప్పురవ్వ మీద పడకుండానే వెల్డరయ్యే విద్య మా దగ్గరే ఉంది.

సోషియాలజీ దానికి అన్న. కుందుర్పి వైపు నుంచి వచ్చిన పిల్లోడు పరీక్షలో ‘వలస: నిర్వచనం, కారణాలు’ పది మార్కులకు రాస్తుంటాడు. ఆ పూట వాళ్లమ్మా నాయనా బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకు ఇసుక మోస్తుంటారు. వాడి హాస్టలు ఫీజు ఆ ఇసుకలోంచే ఫోన్‌పేలో వస్తుంది. అయినా ఆ మాట జవాబులో రాయడు. గైడులో లేదు కదా! ఎస్.సి. దూబే ‘ఇండియన్ విలేజ్’ 1955లో వచ్చిందని మాత్రం గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఆ ‘విలేజ్’ మన హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేట అనీ, దూబే అక్కడ ఇంటింటి సంగతీ ఆరా తీశాడనీ వాడికి ఎవరూ చెప్పలేదు. చెబితే ‘సార్, మా ఊరికి ఎప్పుడు పోదాం?’ అని అడుగుతాడని భయం కాబోలు. బస్సు చార్జీలు ఎవరిస్తారు?

‘‘పనులకు కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది కదప్పా!’’ అంటారు. ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో సెల్టోస్ బయటికొచ్చింది. అక్కడ బాడీకి అతుకులు వేసేది మరచేతులు. అవి ఏ ఐటీఐలో చదివాయో కనుక్కోవాలి. భూమి ఎవరిది పోయింది, పర్మనెంటు ఎవరికి, కాంట్రాక్టు ఎవరికి, ఊళ్లో ఇంటి అద్దె ఎంతకు పెరిగింది అని తిరిగి అడగడం నేర్పే చదువొకటుంది. పనికిరానిదని మూసేయమంటున్నది దాన్నే.

కళ్యాణదుర్గం రోడ్డులో నేను గేటు చేయించుకున్న షెడ్డుంది. ఓనరు పదో తరగతి తప్పాడు. హెల్పరు ఎమ్మే సోషియాలజీ. వాడే నల్లద్దం పట్టుకుంటాడు, సుత్తితో చిట్టెం కొడతాడు. మొన్న ఒక పెద్దాయన విరిగిన గుంటక తెచ్చాడు.

‘‘బోరు ఎన్నడుగులేసినావు పెద్దాయనా?’’ ఓనరు హోల్డరుకు రాడ్డు తగిలిస్తా అడిగాడు.

‘‘ఎనిమిదొందలు.’’

‘‘నీళ్లు?’’

‘‘దుమ్ము.’’

‘‘అప్పు బ్యాంకుదా, బయటిదా?’’

‘‘రెండూ.’’

‘‘పిల్లోళ్లు?’’

‘‘పెద్దోడు బెంగళూరు. సిన్నోడు డిగ్రీ.’’

అతుకు పడింది. నీలిమంట ఆరింది. దుడ్డు మాటెత్తితే పెద్దాయన ‘‘కాయ అమ్మినాక’’ అన్నాడు. ఓనరు ఎమ్మే వైపు చూశాడు. వాడు సుద్దముక్క తీసుకుని రేకు గోడ మీద పెద్దాయన పేరు వెదికాడు. దొరికింది. దాని పక్కన నిరుటిది, చెరగకుండా అట్లే ఉంది: ‘కాయ అమ్మినాక’.