పేరులో లేనివాణ్ని

2025 ఫిబ్రవరి. కోదాడకు అవతల, రాష్ట్ర సరిహద్దులో రామాపురం క్రాస్‌రోడ్డు చెక్‌పోస్టు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కోళ్ల బండ్లను అక్కడే ఆపేస్తున్నారు.

"ఎక్కడి లోడు?"

"తాడేపల్లిగూడెం నుంచండీ. మా ఫారంలో ఏ తెగులూ లేదండీ బాబూ."

"చెప్తే సమజ్ గాదా? బండి ఎనుకకు తిప్పు."

ఆ బోనుల్లో నేనున్నానా లేదా అన్నది మాత్రం నన్నడక్కండి. నన్ను మోసేది కోడి ఒక్కటే అనుకోవద్దు కూడా. రెట్ట అంటిన టైర్లు, గుడ్ల ట్రేలు, దాణా సంచులు, వలస వచ్చిన నీటిపక్షులు, దారులు నాకు చాలానే ఉన్నాయి. మిర్యాలగూడ మిల్లుల తవుడూ నూకలూ కోళ్లకు దాణాగా పోతాయి. ఆ తవుడులో నేనుండను గానీ, ఫారాలన్నీ తిరిగొచ్చిన సంచిని నమ్మలేం.

ఆ నెలంతా ఎవరి నోట విన్నా బర్డ్‌ఫ్లూ, అదే హెచ్5ఎన్1. హెచ్ అంటే హీమగ్లుటినిన్, ఎన్ అంటే న్యూరామినిడేజ్. వైరస్ ఒంటి మీద ముళ్లలా కనిపించే ఆ ఇద్దరి పేర్లే జబ్బుకు పెట్టారు. పేపర్లలో బొమ్మ వేసినా ఆ ముళ్లే. నేను ఆ ముళ్లున్న పొరలోనే దిగబడి ఉన్నా ఎవరి కంటా పడను. నా పేరు ఎమ్2. 97 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ని. నాలాంటివాళ్లం నలుగురం ఒకచోట నిలబడితే మధ్యలో ఒక సన్నని సందు ఏర్పడుతుంది. వైరస్‌లలో ఇలా పొరకు సందు చేసే ప్రోటీన్లను వైరోపోరిన్లు అంటారు. హెచ్ నాకన్నా ఐదారు రెట్లు పెద్దది, సంఖ్యలోనూ ఎక్కువ. పేరూ దానికే పోయింది. పోనీండి.

పని మాత్రం చూడండి. కోడి గొంతులోని కణానికి హెచ్ అతుక్కుంటుంది. ఆ కణం, పాపం, తిండి అనుకున్నట్టుగా వైరస్‌ని పొర సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. సంచి లోపలికి వెళ్లేకొద్దీ పులుస్తుంది, అంటే ఆమ్లం పెరుగుతుంది. ఆ పులుపుకు హెచ్ ఒళ్లు విరుచుకుని వైరస్ పొరను సంచి పొరతో కలిపేస్తుంది. అయితే పొరలు కలిసినంత మాత్రాన సరిపోదు. వైరస్ లోపల 8 ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఎమ్1 అనే ప్రోటీన్‌కు కరుచుకుని ఉంటాయి. అవి విడిపోవాలంటే పులుపు వైరస్ లోపలికీ చేరాలి. దానికున్న దారి నేనే.

నా సందులో 37వ స్థానంలో హిస్టిడిన్ కాపలా. బయట ఆమ్లం పెరిగితే దానికి ప్రోటాన్లు అంటుకుంటాయి. నలుగురి హిస్టిడిన్లకూ ధన విద్యుదావేశం రాగానే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. దాని కింద 41వ స్థానంలోని ట్రిప్టోఫాన్ అడ్డుకర్ర పక్కకు జరుగుతుంది. ప్రోటాన్లు లోపలికి పోతాయి, చెక్‌పోస్టులో బండ్లను వదిలినట్టు ఒక్కొక్కటిగా. మీ నరాల్లోని పొటాషియం చానళ్లు సెకనుకు లక్షల అయాన్లను పంపిస్తాయి. నాకంత దూకుడు లేదు, సెకనుకు పదులో వందలో. వైరస్ కడుపు చిన్నది కాబట్టి అదే చాలు. ఎమ్1 పట్టు వదులుతుంది, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కణకేంద్రకానికి దారి పడతాయి.

కోళ్లను గంపగుత్తగా చంపే రకాల్లో నాకు ఇంకో ఉద్యోగం ఉంది. వీటిలో హెచ్ కణంలో తయారవుతుండగానే కోతపడి, ముట్టుకుంటే మండిపడే స్థితిలో బయల్దేరుతుంది. దారిలో గాల్జీ సంచుల్లో కాస్త పులుపు తగిలినా అక్కడే విరుచుకుని పనికిరాకుండా పోతుంది. అప్పుడు నేను ఆ సంచుల పులుపును బయటికి వదిలి దాన్ని కాపాడుతాను. వచ్చేటప్పుడు పులుపును లోపలికి రానిచ్చినవాణ్ని, పోయేటప్పుడు అదే పులుపును బయటికి పంపిస్తాను. చివర్లో కొత్త వైరస్ కణం నుంచి తెగి విడివడేలా పొర మెడ నొక్కేదీ నేనే. ఇన్ని చేసినా జబ్బు పేరులో నాకు ఒక్క అక్షరం లేదు.

నన్ను అయాన్ చానల్‌గా గుర్తించింది 1992లో. లారెన్స్ పింటో, రాబర్ట్ లాంబ్ బృందం నన్ను కప్ప గుడ్లలో పుట్టించి, కరెంటు పారడం చూసింది. తమాషా ఏమిటంటే, నా సందును మూసే మందు అప్పటికే పాతది. 1966లోనే అమెరికాలో ఫ్లూకి అమాంటడిన్ వాడకానికి అనుమతి వచ్చింది, అది దేన్ని అడ్డుకుంటుందో తెలియకుండానే. నేను ఊరుకుంటానా? 31వ స్థానంలో సెరీన్ తీసి ఆస్పరజిన్ పెట్టుకున్నాను. 2006 నాటికి ఆ మందు ఫ్లూకి వాడొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పాల్సివచ్చింది. ఇప్పుడది పార్కిన్సన్ రోగులకు పనికొస్తోంది.

సూర్యాపేట వాళ్లకు నా చుట్టాన్ని పరిచయం చేయనక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో అక్కడి కూరగాయల మార్కెట్ చుట్టూ కరోనా కేసులు పెరిగి, నెలాఖరు జాబితాలో రాష్ట్రంలోని 6 రెడ్‌జోన్ జిల్లాల్లో సూర్యాపేట చేరింది. ఆ కరోనాలోనూ స్పైక్ ముళ్లదే పేరు. దాని పొరలో ‘ఈ’ (E) అనే ప్రోటీన్ ఉంటుంది. 75 అమైనో ఆమ్లాలే, నాకన్నా పొట్టి. మేం నలుగురం కలిస్తే అవి ఐదు కలుస్తాయి. ప్రోటాన్లకన్నా కాల్షియం, పొటాషియం లాంటివాటితో దాని వ్యవహారం. 2020లోనే ఎమ్‌ఐటీలో మెయ్ హాంగ్ బృందం దాని రూపం బయటపెట్టింది. నా సందులో ప్రోటాన్ ఎలా నడుస్తుందో అంతకు పదేళ్ల ముందు చూపించినవాళ్లూ వాళ్లే.

రామాపురం దగ్గర బండ్లు ఆపిన మరుసటి నెల, అదే జాతీయ రహదారి మీద సూర్యాపేటకు ఇవతల, నల్గొండ జిల్లా చిట్యాల మండలం గుండ్రాంపల్లి ఫారంలో బర్డ్‌ఫ్లూ బయటపడింది. కోళ్లను చంపి పూడ్చేశారు. కిలోమీటరు మేర రోగ ప్రాంతం, 10 కిలోమీటర్ల వరకు నిఘా, ఇదీ నియమం. చికెన్ దుకాణాలు బోసిపోయాయి. అది మాత్రం అనవసరపు భయం. 70 డిగ్రీల వేడి లోపలిదాకా తగిలితే హెచ్, ఎన్, నేను, ముగ్గురం విడిపోయి ముద్దవుతాం. పచ్చిమాంసం సంగతి వేరు. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఈ జబ్బుతో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు ఇంటివాళ్లు చెప్పారు.

నాకు భయం ఉన్నది చెక్‌పోస్టులంటే కాదు. హెచ్ ఏటా వేషం మారుస్తుంది, అందుకే మనుషుల ఫ్లూ టీకానూ ఏటా మారుస్తారు. నేను పొర బయటికి చాచిన కొస 23 అమైనో ఆమ్లాలే. అది ఒక రకానికీ ఇంకో రకానికీ పెద్దగా మారదు. దాన్నే గురిపెట్టి అన్ని ఫ్లూలకూ ఒకే టీకా చేయాలని ఎన్నో ప్రయోగశాలలు కుస్తీ పడుతున్నాయి. ఇంకా బజారులోకి రాలేదు. వస్తే మాత్రం ఆ టీకా సీసా మీద ఉండేది నా పేరే.