ఓ జిరాక్స్ షాపు యజమాని కృతజ్ఞతలు

యూజీసీ ఛైర్మన్ గారి దివ్యసముఖానికి,
కనిగిరి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పెట్టుకుని బతికేవాడు నమస్కరించి రాయునది.

విషయం: మా వ్యాపారాన్ని కాపాడినందుకు ధన్యవాదాలు.

అయ్యా,

2018లో తమరు గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చారని విని బెంబేలెత్తాను. థీసిస్‌లో పోలిక 10 శాతం లోపుంటే వదిలేస్తారట. 40 దాకా ఉంటే ఆరు నెలల్లోగా దిద్ది తేవాలట. 60 దాకా అయితే ఏడాదిపాటు దిద్దినదీ పుచ్చుకోరట. అదీ దాటితే రిజిస్ట్రేషనే రద్దట. నా కంప్యూటర్లోని డిగ్రీ పిల్లల రిపోర్టులకు ఈ కొలత పెడితే ఒక్కటీ మిగలదు.

తీరా పూర్తిగా చదివించుకుంటే ప్రాణం కుదుటపడింది. అవి పీజీ, పరిశోధన స్థాయికేనట. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు లెక్కలోకి రావని తమరే రాశారు. డిగ్రీ పిల్లలంటే తమకెంత దయ!

మా దగ్గర బాగా పోయేది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టు. పిల్లలు ఇంటింటికీ తిరిగి జనం ఇబ్బందులు రాసుకురావాలి. ఎండలో ఆ తిరుగుడెందుకని నా దగ్గరికొస్తారు. పేరు, హాల్‌టికెట్ నంబరు మారిస్తే చాలు, సాయంత్రానికి బైండింగుతో సహా సిద్ధం. మొన్నొక అబ్బాయి కోనసీమ రిపోర్టు తెచ్చి, ఊరిపేరు మార్చమన్నాడు. దాని ప్రకారం మా ప్రధాన సమస్య వరదలు! బోరునీళ్లలో ఫ్లోరైడుతో పళ్లు గారపట్టి, కీళ్లు బిగుసుకుపోయి, క్యాన్ల నీళ్లు కొనుక్కునే ప్రాంతం మాది. నడుము వంగిపోయిన వాళ్ల నాయనమ్మను అడిగినా రెండు పేజీలు వచ్చేవి. అయినా మార్కులు మంచివే పడ్డాయి. బైండింగు బాగా కుదిరింది లెండి.

ఈ కాపీ అలవాటు పెద్దయ్యాక ఎక్కడిదాకా పోతుందో తిరుపతి చూసింది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడి పేరున వచ్చిన సుమారు 70 పత్రాలు కాపీలో, కల్పితాలో అని 2008లో లోకమంతటికీ తెలిసింది. ఆయన మా షాపుకు రాలేదని మనవి.

చివరగా ఒక విన్నపం. డిగ్రీ రిపోర్టులకూ కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ పెడతానంటే పెట్టండి, వాక్యాలు అటూఇటూ మార్చే ఏఐ నా దగ్గరా ఉంది. కానీ లెక్చరర్లు పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి, "ఏ ఇంటికి వెళ్లావు? వాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారు?" అని అడిగేలా మాత్రం చేయకండి. షాపు మూసుకోవాల్సి వస్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
జిరాక్స్ షాపు యజమాని, కనిగిరి