జీవోతో రెట్టింపైన రాబడి

పల్లెటూళ్లో కుటుంబ ఆదాయం అంచనా కట్టడం బ్రహ్మవిద్య అని ఆర్థికవేత్తలు అంటుంటారు. పాపం, వాళ్లెప్పుడూ మీసేవ కేంద్రం గడప తొక్కి ఉండరు.

ఊళ్లోని ఇళ్లన్నిటినీ బీద నుంచి కలవారి దాకా వరసపెట్టి, సరిగ్గా నడుమ ఉన్న ఇంటి రాబడి చూస్తే దాన్ని మధ్యగత ఆదాయం అంటారు. రైస్‌మిల్లు ఆసామి ఒక్కడు సగటును ఆకాశానికెత్తేస్తాడు గానీ మధ్యగతాన్ని అంగుళం కూడా జరపలేడు. అందుకే పండితులకు అదంటే మక్కువ. మన దగ్గర ఆ వరస కట్టే శ్రమ కూడా లేదు. ఆదాయ సర్టిఫికెట్‌కు వచ్చినాయన్ని కంప్యూటర్ ముందున్న కుర్రాడు "ఎంత వేయమంటారు?" అంటాడు. "అందరికీ ఎంత వేస్తున్నావో నాకూ అంతే వెయ్యి నాయనా" అంటాడాయన. అయిపోయింది. అదే మధ్యగతం.

ఏళ్ల తరబడి అదెలా పెరిగిందో కూడా చెప్పొచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో పల్లెల్లో తెల్లకార్డుకు హద్దు ఏడాదికి 60,000 రూపాయలు. మిర్చి ధర ఎగిరినా, పత్తికి పురుగు పట్టినా, పెద్దాడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరినా ఊరి ఆదాయం ఆ గీత కిందే బుద్ధిగా కూర్చుంది. 2019 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 5,000 ఉన్న హద్దును 10,000 చేసింది. 2022కల్లా రైతు ఆదాయం రెట్టింపు చేస్తామని ఢిల్లీవాళ్లు ఇంకా లెక్కలేసుకుంటుండగానే ఇక్కడ ఒక్క జీవోతో పనైపోయింది. వాన పడలేదు, గిట్టుబాటు ధర రాలేదు. అయినా రెట్టింపు! తెలంగాణ పల్లెల్లో హద్దు ఏడాదికి లక్షన్నర. అంటే కృష్ణ దాటి అవతల కాపురం పెడితే చాలు, కూర్చున్నచోటే 30,000 లాభం.

పేదరికంలోనూ తరగతులున్నాయి. బియ్యం కార్డు దగ్గర 1,20,000 దాటినవాడు కలవాడు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ దగ్గర 8 లక్షల లోపు ఎంతున్నా పేదవాడే. ఇక పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్ల ముందు ఈ రెండు కాగితాలూ బీరువాలోకి పోతాయి. అక్కడ మాట్లాడేది పొలం, ఇంటి స్థలం, అబ్బాయి ప్యాకేజీ.

ఇలాంటి ఇంటికి సర్వే అబ్బాయి ట్యాబ్ పట్టుకుని వస్తాడు.

"పెట్టుబడి పోను ఏమాత్రం మిగిలిందండీ?"

"మిగిలితే నీతో ఇలా అరుగు మీద కూర్చుంటానా బాబూ?"

"మరి ఆ కొత్త బండి?"

"మా బామ్మర్దిది. పెట్టిపోయాడు."

ఇది ఈనాటి జబ్బు కాదు. జాతీయ నమూనా సర్వేవాళ్లు 1955లోనే ఆదాయం అడగడం మొదలెట్టారు. 1960ల్లో మళ్లీ అడిగారు. చూస్తే, జనం చెప్పిన రాబడి కన్నా వాళ్ల ఖర్చు, పొదుపు కలిపితే ఎక్కువ తేలింది. సంపాదించనిదంతా తిని, పైగా దాచుకున్న ఘనత ప్రపంచంలో ఇంకెవరికుంది? ఈ అద్భుతానికి జడిసి ఆ ప్రయత్నమే మానుకున్నారు. ఇన్నాళ్లకు 2026లో దేశమంతా ఆదాయ సర్వే చేస్తామని కేంద్రం ప్రకటించింది. 2025 ఆగస్టులో మచ్చుకు కొన్ని ఇళ్లలో అడిగి చూస్తే, ఇవి చెప్పుకునే సంగతులు కావని నూటికి 95 మంది ఇబ్బంది పడ్డారు. ఆదాయపు పన్ను ఎంత కట్టారంటే చాలామంది అసలు నోరే విప్పలేదు.

కష్టపడి రాబట్టిన లెక్కలు లేకపోలేదు. 2018-19 రైతు కుటుంబాల సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సేద్యం చేసే కుటుంబం సగటు రాబడి నెలకు 10,480 రూపాయలు. పాపం, 480 రూపాయలకు బియ్యం కార్డు తప్పిపోయిందన్నమాట! దేశం మొత్తం మీద సగటు 10,218. అందులో కూలి, జీతం మీద వచ్చింది 4,063, పంట మీద వచ్చింది 3,798. ఈ లెక్కన మన అన్నదాత తీరిక వేళల్లో వ్యవసాయం చేసుకునే కూలీ.

అదే సర్వేలో అప్పు సంగతి అడిగితే మాత్రం ఎవరూ బామ్మర్ది పేరు చెప్పలేదు. ఆంధ్రాలో నూటికి 93 సేద్యపు కుటుంబాలకు అప్పుంది, సగటున 2,45,554 రూపాయలు. రాబడి గుర్తులేని మనిషికి బాకీ మాత్రం పైసలతో సహా గుర్తుంటుంది. గీత గీసి, దాటితే బియ్యం ఆపేస్తామన్న సర్కారే మళ్లీ వచ్చి నిజం చెప్పమంటే నిజం గీత కిందే దొరుకుతుంది. అప్పు మీద అలాంటి గీత లేదు గనక ఆ లెక్కన్నా నమ్మొచ్చనుకున్నాం. 2024లో తెలంగాణ రుణమాఫీకి 2 లక్షల హద్దు పెట్టారు. ఇంకా హద్దు పడని అంకె ఏదైనా మిగిలుంటే సర్వేవాళ్లు ముందు దాన్ని అడిగేసి రావడం మేలు.