మట్టి రైతుకు విరామం లేదు

పిల్లలకి పల్లెటూరు చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి? మా బంధువు ఒకాయన తిరుగులేని చోటు కనిపెట్టారు: మాదాపూర్. ఆయనది అమలాపురం పక్క పల్లె. మూడెకరాల మాగాణి, కొబ్బరి దొడ్డి, తాళం వేసిన మండువా లోగిలి అక్కడే ఉన్నాయి. కాకపోతే అక్కడికి రాత్రంతా ప్రయాణం. ఫ్లాటు నుంచి శిల్పారామానికి అరగంట. సంస్కృతికి పార్కింగు కూడా ఉండాలి కదండీ!

శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియంతో నాకు పేచీ లేదు. ఆ నిలువెత్తు బొమ్మలు చేసిన చేతులకి దండం పెట్టాలి. నా గొడవంతా వాటిని చూపించి ‘అసలైన పల్లె ఇదేరా’ అని చెప్పే తండ్రులతో. ఈ అసలైన పల్లెలో మురుగు కాలువ పూడదు. ధాన్యంలో తేమ ఎక్కువైందని ఎవరూ బస్తా వెనక్కి తిప్పరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అన్నపూర్ణ అనిపించుకున్న డెల్టాలో, 2011 ఖరీఫ్‌కి కోనసీమ రైతులు ధర గిట్టక పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. ఆ బీడుని ఏ మ్యూజియంలో పెడదాం?

మట్టి రైతు బొమ్మ పక్కన పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీస్తుంటే మా బంధువుకి ఫోన్ వచ్చింది. ఆ మూడెకరాలూ చేస్తున్న కౌలు రైతు.

“ఆయ్, బాబుగారండీ, ఆ కాగితం మీద సంతకం...”

“తర్వాత చూద్దాంలేవయ్యా. పిల్లలకి వ్యవసాయం చూపిస్తున్నాను.”

ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. అది లేకపోతే బ్యాంకు రుణం దగ్గర్నుంచి నష్టపరిహారం దాకా కౌలు రైతుకి అన్నీ చిక్కులే. సంతకం పెడితే భూమి పోతుందని మా వాడి బెంగ. పత్రం చెల్లేది 11 నెలలే, యాజమాన్యం జోలికి అది పోదని చట్టంలోనే ఉంది. చదివే తీరికేదీ? వారసత్వం చూడ్డానికే ఆదివారం సరిపోవడం లేదు.

మట్టి రైతు ఎంత బుద్ధిమంతుడో! సంతకం అడగడు, తుఫాను వచ్చిన ఏడాది కౌలు తగ్గించమనడు, టికెట్ కొన్నవాళ్లందరికీ పొద్దస్తమానం ఒకేలా దర్శనమిస్తాడు.

ఆ మ్యూజియం పల్లె మా బంధువుకి తెగ నచ్చేసింది. ఫ్లాటు హాల్లోనూ అలాంటి వాతావరణం కావాలని ఊళ్లో మండువా స్తంభాలు రెండు ఊడదీయిస్తున్నారు. వాటిని దగ్గరుండి లారీకెక్కించే పని కౌలు రైతుకే అప్పజెప్పారు. ఈసారి ఫోన్ ఆయనే చేశారు.