ఉంగరాల కరణం

ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ చూసే ప్రతి గుంపులోనూ ఒక ఉంగరాల కరణంగారు ఉంటారు. చికాగో బార్లలో ఉంటారు, లాస్ ఏంజెలెస్‌లో ఉంటారు. డల్లాస్ శివార్లలో మన తెలుగువాళ్ల హాల్లో అయితే సోఫాకి సరిగ్గా నడుమ, పకోడీల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఛాంపియన్లకిచ్చే ఉంగరాలు ఎవరి వేలికి ఎన్నున్నాయో ఆయనకి కంఠోపాఠం. ‘జోర్డాన్‌కి ఆరు, కోబీకి అయిదు, లెబ్రాన్‌కి నాలుగు’ అని అడంగల్ చదివినట్టు అప్పజెబుతారు. ఎన్నడూ పెద్ద స్టార్ అనిపించుకోని రాబర్ట్ హోరీకి ఏడున్నాయని ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం పకోడీ గొంతుకి అడ్డం పడుతుంది. కప్పు గెలిచేది ఒక్క మగాడేననీ, మిగతావాళ్లు బంతి అందించే బంట్రోతులనీ ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతంలో సగం నిజముంది. కోర్టులో జట్టుకి ఉండేది అయిదుగురే. క్రికెట్‌లో ఎంతటి బ్యాటరైనా అవుటయ్యాక పెవిలియన్‌లో గోళ్లు గిల్లుకోవాల్సిందే; ఇక్కడ 48 నిమిషాల ఆటలో నలభై దాకా స్టార్ చేతికి బంతి వస్తూనే ఉంటుంది. ఇప్పటి ప్లేఆఫ్స్‌లో నాలుగు మ్యాచ్‌లు గెలిస్తేగానీ సిరీస్ దక్కదు కనుక ఒక్క రాత్రి అదృష్టం గట్టెక్కించదు. పైగా ఎంతటివాడి జీతానికైనా లీగు గరిష్ఠ హద్దు పెట్టింది కాబట్టి, అసలైన స్టార్ తన విలువకన్నా చవగ్గా దొరుకుతాడు. బిల్ రసెల్ ఉన్న 13 సీజన్లలో బోస్టన్ 11 కప్పులు కొట్టింది. స్టార్ అక్కర్లేదనేవాణ్ణి చూసి కరణంగారు నవ్వితే ఆ నవ్వు న్యాయమైనదే.

చిక్కల్లా ‘స్టార్ కావాలి’ అన్న మాట ఆయన నోట్లో ‘స్టార్ చాలు’గా మారిపోవడంతోనే. 1986 ప్లేఆఫ్స్‌లో బోస్టన్ మీద చికాగో ఆటగాడు జోర్డాన్ ఒక్కడే 63 పాయింట్లు కొట్టాడు. ఆ మ్యాచ్ పోయింది, సిరీస్ 3-0తో పోయింది. మొదటి మూడేళ్ల ప్లేఆఫ్స్‌లో అతని జట్టు పది ఆడి ఒక్కటి గెలిచింది. 1987లో పిప్పెన్ వచ్చాక, 1989లో ఫిల్ జాక్సన్ కోచ్ అయ్యాక, 1991లో గానీ తొలి ఉంగరం రాలేదు. జోర్డాన్ తప్పుకున్న 1993-94లో అదే జట్టు 55 మ్యాచ్‌లు గెలిచింది. అంతకుముందు ఏడు అతనితో గెలిచినవి 57. ‘మరి కప్పు కొట్టారా?’ అని కరణంగారు కళ్లెర్రజేస్తారు. కొట్టలేదు, రెండో రౌండ్‌లోనే ఇంటికెళ్లారు. కానీ 1993లో కప్పు తెచ్చిన గెలుపు షాట్ జోర్డాన్ సహచరుడు పాక్సన్‌ది, 1997లో కెర్‌ది. కెర్‌కి బంతి అందించింది సాక్షాత్తూ తిరిగొచ్చిన జోర్డానే. దేవుడు నమ్మిన మనిషిని భక్తుడు నమ్మకపోతే ఎలా? 2004లో షాక్, కోబీ, మలోన్, పేటన్ నలుగురూ ఉన్న లేకర్స్‌ని డెట్రాయిట్ 4-1తో ఓడించింది కదా అంటే, ‘మలోన్‌కి మోకాలు బాగోలేదు’ అంటారు. ఒక్క మోకాలితో కూలిపోయేదాన్ని జట్టు అనడమెందుకు?

2025 ఫిబ్రవరిలో డల్లాస్ తన స్టార్ లూకా డాన్చిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేసింది. కరణంగారు నీలం చొక్కా మడిచి పెట్టి పసుపుపచ్చది కొన్నారు. వీపు మీది 77 మాత్రం మారలేదు. ఆ ఏడు డల్లాస్ ప్లేఆఫ్స్‌కే చేరలేదు. కైరీ అర్వింగ్ గాయపడ్డ మాట నిజమే గానీ, లూకా లేని లోటు తక్కువేం కాదు. అటు లూకా, లెబ్రాన్ ఇద్దరూ ఉన్న లేకర్స్ మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా చేతిలో 4-1తో ఓడింది. ఆయన సిద్ధాంతంలో నిజమైన సగం డల్లాస్‌లో, అబద్ధమైన సగం లాస్ ఏంజెలెస్‌లో ఒక్క సీజన్లోనే తేలిపోయాయి. స్టార్ లేకపోతే ఉంగరం రావడం అరుదు. స్టార్ ఒక్కడే ఉంటే అసలు రాదు. కాబట్టి కరణంగారూ, ఇకమీదట మీ లెక్కల్లో ప్రతి ఉంగరం ఎదురుగా ఇంకో గడి గీసి, ఆ ఏడు పక్కన ఎవరెవరు ఆడారో కూడా రాయండి.